కళ్లు విచ్చిన సీతాఫలం, ఆవ పెట్టిన కంద

తంగేడు పూసే వేళకి షాద్‌నగర్ దాటాక హైవే పక్కన సీతాఫలాల గంపలు దిగుతాయి. బాలానగర్ పేరుతో సీతాఫలంలో ఒక రకమే ఉంది. మాది ఆ పక్క పల్లె. గుట్టల మీది చెట్లకి ఎవరూ నీళ్లు పెట్టరు, మందు కొట్టరు. వానకి కాస్తాయి, దీపావళి దాటితే తగ్గిపోతాయి.

కాలంలో కాసింది తింటే మంచిదని అందరూ అంటారు గానీ, ఎందుకని అడిగితే గాలికబుర్లు చెబుతారు. శరదృతువుకి ప్రత్యేకంగా మహిమేమీ లేదు. ఆ కాలపు పంట దగ్గర్నుంచి, తాజాగా, చవగ్గా వస్తుంది. చవకైతే ఇంట్లో అందరూ తృప్తిగా తింటారు. అసలు లాభం అక్కడుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకి రోజుకి సుమారు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండాలంటోంది. విదేశీ యాపిల్ ఒకటి కొని నలుగురికి నాలుగు ముక్కలు పంచే ఇంట్లో ఆ లెక్క ఎప్పటికీ తేలదు.

జామకాయతో తేలుతుంది. 100 గ్రాముల జామలో సి విటమిన్ సుమారు 200 మిల్లీగ్రాములు, నారింజలో 50 దరిదాపుల్లో. మగవాళ్లకి రోజుకి 80, ఆడవాళ్లకి 65 చాలు. పప్పులోని, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి బాగా పట్టాలంటే ఈ విటమిన్ తోడుండాలి. రక్తం తక్కువున్న ఆడవాళ్లు జామ ముక్కలు అన్నంతోపాటే తింటే మేలు. చెయ్యి కడగ్గానే టీ తాగారా, పట్టాల్సిన ఇనుములో కొంత పోయినట్టే. కార్తీకంలో ఉసిరి వస్తుంది, దాన్లోనూ సి విటమిన్ దండిగా ఉంటుంది. ఉడికిస్తే కొంత పోతుంది కాబట్టి నేను పచ్చికాయ కోరి పెరుగులో కలుపుతాను. సీసాల్లో అమ్మే ఉసిరి రసం మీద నాకు గురి లేదు. చెట్టు కాయ దొరికే రోజుల్లో సీసా దేనికి?

కంద మా పాలమూరు ఇళ్లలో తక్కువ. మా కోడలిది కోనసీమ, కార్తీకం రాగానే కంద బచ్చలి కూర చేసి ఆవ పెడుతుంది. కంద చెక్కే ముందు చేతులకి నూనె రాసుకుంటుంది. ఆ దుంపలో కాల్షియం ఆక్సలేట్ పలుకులు సూదుల్లా ఉంటాయి, దురద వాటివల్లే. చింతపండు వేసి మెత్తగా ఉడికిస్తే తగ్గుతుంది. "నొక్కితే ముక్క చితకాలి అత్తయ్యా, లేకపోతే రాత్రంతా గొంతు గీరుకోవాలి" అంటుంది. కందలో పీచు, పొటాషియం ఉంటాయి. బచ్చలిలోని బీటా కెరోటిన్‌ని మన ఒళ్లు ఎ విటమిన్‌గా మార్చుకుంటుంది. కూరలో నూనె ఉంటుంది కాబట్టి అది బాగానే పడుతుంది. బచ్చలిలోనూ ఆక్సలేట్లు ఉంటాయి. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు డాక్టర్ని అడిగాకే ఈ కూర జోలికి వెళ్లాలి.

మళ్లీ సీతాఫలం దగ్గరికి వస్తాను, అది మా ఊరి పండు మరి. కొనేటప్పుడు కాయ మీది కళ్లు చూడండి. కళ్ల మధ్య గాడి విచ్చుకుని లేత పసుపు తిరిగితే కాయ ముదిరినట్టు. కళ్లు మూసుకున్న లేత కాయ సరిగా పండదు. ముదిరిన కాయల్ని బియ్యం డబ్బాలో పెడితే రెండుమూడు రోజుల్లో మెత్తబడతాయి. పచ్చిగా ఉన్నప్పుడే ఫ్రిజ్‌లో పెడితే పైన నల్లబడి లోపల గట్టిగానే మిగులుతాయి. 100 గ్రాముల గుజ్జు దాదాపు 100 క్యాలరీలు, తీపి బాగా ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్లకి చిన్న కాయలో సగం చాలు, అదీ ఆ పూట అన్నం తగ్గించుకుని. పాలు, చక్కెర పోసి గిలక్కొట్టిన మిల్క్‌షేక్ ఎవరికీ వద్దు.

పేలు పోవాలని సీతాఫలం గింజల పొడి తలకి పట్టించే అలవాటు మా వైపు ఉంది. దయచేసి మానండి. ఆ పొడి కంట్లో పడితే కనుగుడ్డు పైపొర దెబ్బతింటుంది. గింజలు విషం, పిల్లల చేతికి అందకుండా పారేయండి.