చదవడానికి మాత్రమే: ఎ.ఐ. ఏజెంట్లకిచ్చే ఏపీఐకి వివరణ పత్రం ఎట్లా రాయాలె?

మా తాతకు చదువు రాదు. పహాణీలో తన పేరు ఉన్నదో లేదో పట్వారీ చెప్పాల్సిందే. రికార్డు రాసేదీ ఆయనే, చదివి చెప్పేదీ ఆయనే. 1984లో ఆ వ్యవస్థ రద్దయింది. కానీ మన గురించిన లెక్క ఎక్కడో ఉండటం, దాన్ని ఇంకెవరో చదివి మనకు చెప్పడం అనే పరిస్థితి పోలేదు. ఇవాళ దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ అద్దె గదుల్లో ఉండే మన పిల్లలు, నల్లగొండ, సూర్యాపేటల నుంచి వచ్చి ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సు దిగే మన పిల్లలు ప్రభుత్వ లెక్కల గురించి సెల్‌ఫోన్‌లో ఎ.ఐ.ని అడుగుతున్నరు. అది చెప్పిందే రాసుకుంటున్నరు. అందుకే అది దేన్ని, ఎట్లా చదువుతుందో మనం తెలుసుకోవాలె.

ఏపీఐ అంటే ఆఫీసు కిటికీ లాంటిది. లెక్క ప్రకారం చీటీ రాసి లోపలికిస్తే, లెక్క ప్రకారం జవాబు బయటికొస్తది. ఎ.ఐ. ఏజెంట్ అంటే ఏ కిటికీ దగ్గరికి పోవాలో, చీటీలో ఏం రాయాలో తనే నిర్ణయించుకునే ప్రోగ్రాం. దానికి ఆఫీసు లోపల ఏముందో తెల్వదు. మనం రాసిపెట్టిన వివరణ పత్రమే దానికి కళ్లు. మనిషైతే అనుమానం వచ్చి పక్కోన్ని అడుగుతడు. ఏజెంట్ చాలాసార్లు అడగదు. పత్రంలో ఖాళీ ఉంటే ఊహతో నింపుకుంటది.

'చదవడానికి మాత్రమే' అంటే ఆ కిటికీలోంచి లెక్క తీసుకోవచ్చు గానీ దిద్దలేము, కొట్టెయ్యలేము. కానీ ఆ మాట కాగితం మీద రాస్తే సరిపోదు. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో ఒక పనిముట్టుకు 'రీడ్ ఓన్లీ' అని గుర్తు పెట్టుకునే వీలుంది. అది సూచన మాత్రమే, హామీ కాదు. అసలు తాళం సర్వర్‌లో ఉండాలె. డేటాబేస్‌లో ఆ పనిముట్టుకు చదివే అనుమతి తప్ప మరేదీ ఇవ్వకూడదు. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది గనుక అత్యాచారాలు ఆగినయి అనుకోలేం గదా! ఇదీ అంతే.

ఇక పత్రంలో ఏముండాలె? భారత ప్రభుత్వం 2012లో మొదలుపెట్టిన ఓపెన్ డేటా వేదికనే తీసుకుందాం. అక్కడ అనేక పట్టికలకు ఏపీఐ ఉన్నది. 2011 జనాభా లెక్కల్లోని ఎస్సీల సంఖ్యను జిల్లాలవారీగా చదివే పనిముట్టు ఒకటి తయారుచేశాం అనుకుందాం.

మొదటిది, ఎంత ఇస్తున్నదో చెప్పాలె. ఆ వేదిక అందరికీ చూపించే నమూనా కీతో అడిగితే ఒకసారికి పది వరుసలే వస్తయి. 2011లో ఉమ్మడి రాష్ట్రానికి 23 జిల్లాలు. పది చూసిన ఏజెంట్ రాష్ట్రం మొత్తం ఇంతే అని కూడిక చేస్తే పదమూడు జిల్లాల మనుషులు మాయమైతరు. జవాబులో 'టోటల్' అంటే మొత్తం వరుసలు, 'కౌంట్' అంటే ఇప్పుడిచ్చినవి, వచ్చిన 'కౌంట్'లన్నీ కూడితే 'టోటల్'కు సమానమయ్యేదాకా 'ఆఫ్‌సెట్' పెంచుకుంటూ అడగాలె అని పత్రంలో స్పష్టంగా రాయాలె.

రెండవది, ఏ కాలం నాటి హద్దులో చెప్పాలె. ఎల్బీనగర్ అప్పుడూ రంగారెడ్డి జిల్లాలోనే ఉన్నది, ఇప్పుడూ ఉన్నది. కానీ 2016లో ఆ జిల్లా నుంచి మేడ్చల్, వికారాబాద్ విడిపోయినయి. పేరు ఒకటే, నేల వేరు. 2011 అంకెను ఇవాళ్టి రంగారెడ్డికి అంటగడితే తప్పు.

మూడవది అన్నిటికన్నా ముఖ్యం. ఆ గడిలో ఎవరిని లెక్కపెట్టారో చెప్పాలె. జనాభా లెక్కల్లో 'ఎస్సీ' అంటే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, 1956 నుంచి సిక్కులు, 1990 నుంచి బౌద్ధులు. క్రైస్తవుడని రాయించుకున్న దళితుడు ఆ గడిలో లేడు. తెలుగు నేల మీద వాడవాడనా చర్చి ఉన్న మనకు ఇది చిన్న విషయమా? పత్రంలో ఈ ఒక్క వాక్యం లేకపోతే ఏజెంట్ 'ఎస్సీ' అన్నచోటల్లా 'దళితులు' అని చదువుతది. మతం మారినోళ్లను ఉత్తర్వు జాబితాలోంచి తీసేస్తే, మన పత్రం వాళ్లను జవాబులోంచి కూడా తీసేసినట్టయితది.

నాలుగవది, ఖాళీకీ సున్నకూ తేడా చెప్పాలె. నేర గణాంకాల్లో సున్న అంటే కేసు నమోదు కాలేదని అర్థం, దాడి జరగలేదని కాదు. పోలీస్ స్టేషన్ మెట్లెక్కి వెనక్కొచ్చిన మనిషికి ఈ తేడా ఎవరూ నేర్పాల్సిన పని లేదు. యంత్రానికి మాత్రం రాసి చెప్పాలె.

ఇంకొక భ్రమ ఉన్నది. రాయలేదు గనుక హాని చెయ్యదు అనుకుంటరు. చదవడం కూడా హాని చేస్తది. హాస్టల్ పిల్లల పేర్లు, కులం, ఫోన్ నంబర్లు ఉన్న జాబితాను ఎవరు పడితే వాళ్లు చదివితే ఏమైతదో అద్దె ఇంటి కోసం తిరిగినప్పుడు కులం అడిగించుకున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. కాబట్టి మొత్తాల సంఖ్యలు ఇవ్వొచ్చు, మనుషుల వివరాలు ఇవ్వకూడదు. ఏ గడులు కావాలనే తీసేశామో కూడా పత్రంలో రాయాలె.

పత్రం పూర్తయ్యాక పరీక్ష సులభం. పట్టికలో లేని ప్రశ్న ఒకటి అడగాలె. దళిత క్రైస్తవులు ఎంతమంది అని అడిగితే 'ఈ పట్టికలో ఆ లెక్క లేదు, కారణం ఇదీ' అని జవాబు రావాలె. అంకె వస్తే పత్రం తప్పినట్టే. అదే పత్రాన్ని తెలుగులో దిల్‌సుఖ్‌నగర్‌లో చదువుకునే ఒక డిగ్రీ విద్యార్థికిచ్చి చదివించాలె. అర్థం కాలేదంటే మళ్లీ రాయాలె.

పట్వారీ దస్తరం మా తాత ముందు ఎప్పుడూ తెరుచుకోలేదు. ఈ కొత్త దస్తరం తెరిచే ఉన్నది. దాన్ని ఎట్లా చదవాలో రాసే పని ఇంకొకరికి వదిలెయ్యొద్దు.