చూచి చేసిన కార్డు

పిల్లలూ! స్నేహితుడు చేసిన పండుగ కార్డు మీకు నచ్చింది. అలాంటిది మీరూ చేయాలనుకున్నారు. తప్పులేదు. కాని ఉన్నదున్నట్టు దించితే అది మీ కార్డు ఎలా అవుతుంది? నా తరగతిలో ఒక అమ్మాయి తోటిపిల్ల కార్డును అలాగే దించి బహుమతి తెచ్చుకుంది. మొదట చేసిన పిల్ల ఏడ్చింది. తెలియక ఆ బహుమతి ఇచ్చినవాణ్ణి నేనే!

1843లో లండనులో హెన్రీ కోల్ అనే ఆయన జాన్ హార్స్లీ అనే చిత్రకారుని చేత ఒక క్రిస్మసు కార్డు వేయించాడు. అందులో మూడు గళ్లు. నడుమ ఒక కుటుంబం విందు చేసుకుంటున్నది. ఒక ప్రక్క బీదలకు ఆహారం, మరొక ప్రక్క బట్టలు ఇస్తున్నారు. చుట్టూ తీగలు.

దీనిని సంక్రాంతికి మార్చుకుందాం. నడిమి గడిలో మీ ఇంటివారినే వేయండి. అమ్మ అరిసెలు వత్తుతున్నా సరే. ఒక ప్రక్క హరిదాసు పాత్రలో బియ్యం పోసే చెల్లెలు, మరొక ప్రక్క గంగిరెద్దులవానికి పంచె ఇచ్చే తాతయ్య. తీగలకు బదులు చెరకుగడలు. హార్స్లీ బొమ్మలో చిన్నపిల్లకు కూడా ద్రాక్షసారాయి త్రాగిస్తున్నట్టు ఉంది. ఆ రోజులలోనే కొందరు దానిని ఆక్షేపించారు. మనకది అక్కరలేదు. నడుమ పండుగ, ఇరుప్రక్కల ఇచ్చే చేతులు - ఆ అమరిక మాత్రం ఉంచండి. ఆ కార్డు మనకు నచ్చింది అందుకే కదా!

కార్డు వెనుక 'హార్స్లీ కార్డు చూచి చేసినది' అని వ్రాయండి. స్నేహితునిదైతే అతని పేరు వ్రాసి, మొదటి కార్డు అతనికే ఇవ్వండి.