చిన్న లైన్లు, పాత ఇంజన్లు

బెంగళూరు నుంచి గుత్తికి, మా తాత వాళ్ళింటికి పోయేటప్పుడు చిన్నప్పుడు నాకు కిటికీ సీటే కావాలి. బండి కదలగానే ఇంజన్ నల్లగా పొగ చిమ్మేది, అమ్మ గబగబా కిటికీ దించేసేది. తాత గుత్తి డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. "అది ఆల్కో ఇంజన్ పాపా, ఊపిరి అందేదాకా అట్లే ఉంటుంది" అనేవాడు.

ఆ మాటకు అర్థం తర్వాత తెలిసింది. డీజిల్ బాగా మండాలంటే గాలి కావాలి. గాలిని లోపలికి తోసే టర్బో, ఇంజన్ బయటికి వదిలే వాయువుల వేగంతోనే తిరుగుతుంది. డ్రైవరు నాచ్ పెంచగానే డీజిల్ ముందు వచ్చేస్తుంది, టర్బో వేగం అందుకోవడానికి కొంచెం టైం పడుతుంది. ఆ కాసేపు సరిగా మండని డీజిలే ఈ నల్లపొగ.

ఆల్కో అంటే అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ. న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీలో 1901లో మొదలైంది. మన డబ్ల్యూడీఎం‑2 ఇంజన్లు వాళ్ళ డిజైనే. మొదటివి 1962లో అక్కడినుంచి వచ్చాయి, 1964 నుంచి వారణాసిలో మనమే తయారుచేసుకున్నాం. ఒక్కోటి 2,600 హార్స్ పవర్. అయితే ఆల్కో మాత్రం పోటీకి నిలబడలేక 1969లో ఇంజన్ల తయారీ ఆపేసింది. విచిత్రం ఏమిటంటే, కంపెనీ పోయినా ఆ కాలం ఇంజన్లు కొన్ని అమెరికాలో ఇంకా గూడ్సు బండ్లు లాగుతున్నాయి. ఎక్కడ? షార్ట్ లైన్ల మీద.

షార్ట్ లైన్ అంటే చిన్న గూడ్సు రైల్వే. అమెరికాలో రైల్వేలు చాలావరకు ప్రైవేటు కంపెనీలవే. లాభం రాని కొమ్మ లైన్లను పెద్ద కంపెనీలు వదిలించుకోవాలనుకున్నాయి. 1980లో వచ్చిన స్టాగర్స్ చట్టం రైల్వేల మీద ఉన్న నిబంధనలు చాలా సడలించింది. అప్పటినుంచి అలాంటి లైన్లను చిన్న కంపెనీలు తీసుకోవడం బాగా పెరిగింది. ఇప్పుడు అక్కడ దాదాపు 600 షార్ట్ లైన్లున్నాయి. ఫ్యాక్టరీ దగ్గర వ్యాగన్లు ఎత్తుకొచ్చి పెద్ద రైల్వేకు అప్పగించడం, అక్కడ వచ్చినవి ఫ్యాక్టరీకి చేర్చడం వాటి పని.

ఒక ఉదాహరణ చూద్దాం. పెన్సిల్వేనియాలో స్క్రాంటన్ ఒకప్పటి బొగ్గు ఊరు. బొగ్గు తగ్గింది, రైల్వేలు దివాలా తీశాయి. మిగిలిన లైన్లు పీకేసే పరిస్థితి వస్తే, స్థానిక కౌంటీ సంస్థ వాటిని కొని నిలబెట్టింది. 1993 నుంచి ఆ లైన్ల మీద డెలావేర్‑లాకవానా అనే చిన్న రైల్వే బండ్లు నడుపుతోంది. పోకోనో కొండల మీద ఒక పెద్ద పిండిమిల్లు ఉంది. దానికి గోధుమ వ్యాగన్లను కొండ ఎక్కించేది 1960ల నాటి ఆల్కో ఇంజన్లు! మన అమ్మమ్మల వయసువి.

కొత్తవి ఎందుకు కొనరు? కొత్త ఇంజన్ ఖరీదు లక్షల డాలర్లలో. షార్ట్ లైన్ బండి చాలాచోట్ల గంటకు 16 నుంచి 40 కిలోమీటర్ల వేగంతోనే పోతుంది, రోజంతా పరుగెత్తే పనీ ఉండదు. అలాంటి దానికి అంత అప్పు తలకెత్తుకుంటే లైనే మూతపడుతుంది. పైగా పాత ఇంజన్‌లో కంప్యూటర్లు లేవు. చెడితే సొంత షెడ్డులో, సొంత మెకానిక్ విప్పి బాగుచేసుకోగలడు. స్పేర్ పార్టులు లేకపోతే మూలన పడున్న ఇంకో ఇంజన్ నుంచి ఊడదీస్తారు.

మరి పొగ సంగతి? అది నిజమైన నష్టమే. ఆ చుట్టుపక్కల ఉండేవాళ్ళు పీల్చేది ఆ గాలే. అమెరికా కాలుష్య నిబంధనలు కూడా 1973కు ముందు తయారైన ఇంజన్లను మామూలుగా పట్టించుకోవు. ఇంకోవైపు, లైను మూతపడితే ఆ గోధుమలు లారీల్లో రావాలి. ఒక వ్యాగన్ సరుకుకు మూడు నాలుగు లారీలు కావాలి. ఆ పొగా తక్కువేం కాదు, కొండదారి రోడ్లూ పాడవుతాయి. అందుకే పాత ఇంజన్ మంచిదా చెడ్డదా అని అడిగేముందు, దాని బదులు ఏమొస్తుంది అని కూడా అడగాలి.

ఈసారి కృష్ణరాజపురం మీదుగా పోతే డీజిల్ ఇంజన్ పక్కన రాసింది చూడండి. డబ్ల్యూడీఎం‑3డీ, డబ్ల్యూడీజీ‑3ఏ అని ఉంటే ఆల్కో వంశం. డబ్ల్యూడీజీ‑4 అయితే వేరే కంపెనీది. కరెంటు ఇంజన్లు వచ్చాక ఆల్కోలు మన దగ్గర తగ్గిపోతున్నాయి. కనిపిస్తే మాత్రం ఒక్క నిమిషం ఆగి, అది కదిలేదాకా వినండి. కిటికీ తర్వాత దించుకోవచ్చు.