బంగారు బల్లికి రాతిగోడే ప్రాణాధారం
అహోబిల క్షేత్రంలో గుహల పరిరక్షణ ఆవశ్యకత

(ప్రత్యేక వ్యాసం)

బంగారు బల్లి అనగానే భక్తులకు కంచి వరదరాజస్వామి ఆలయం గుర్తుకు వచ్చును. అయితే ఆ పేరు గల సజీవ ప్రాణి మన తూర్పు కనుమలలోనే ఉన్నది. 1870లో బెడ్డోమ్ అను ఆంగ్లేయ సైనికాధికారి తిరుపతి కొండలలో లభించిన నమూనాల ఆధారంగా దీనిని తొలిసారి శాస్త్రలోకానికి పరిచయం చేసినాడు. ఆ తరువాత శతాబ్దానికి పైగా ఇది అత్యంత అరుదైన జీవిగానే పరిగణింపబడినది. 1980వ దశకంలో తిరుమల కొండలలో దీని ఉనికి మరల నిర్ధారణ అయినది. తదుపరి పరిశోధనలలో పాపికొండలలోను, తమిళనాడు, ఒడిశా రాష్ట్రాలలోని కొన్ని కొండలలోను కనుగొనబడినది.

ఈ బల్లి శాస్త్రీయ నామం కాలోడాక్టైలోడిస్ ఆరియస్. గ్రీకు భాషలో ఈ పేరులోని మొదటి భాగానికి అందమైన వేళ్లు అని అర్థం. విసనకర్ర వలె విచ్చుకొనిన వేలికొనల సాయంతో ఇది నిట్టనిలువు బండలపై సైతం అవలీలగా పాకగలదు. పగలు రాతి నెరియలలో దాగి, రాత్రివేళ వెలుపలికి వచ్చి కీటకాలను భక్షించును. జతకట్టు కాలంలో మగ బల్లి మేలిమి పసుపు వన్నెతో మెరయును.

ఈ ప్రజాతిలో ప్రపంచం మొత్తం మీద రెండే జాతులు గలవు. ఒకటి మన తూర్పు కనుమలది. రెండవది శ్రీలంక ద్వీపానికే పరిమితమైనది. 1953లో దెరణియగల అను శాస్త్రవేత్త దానిని వర్ణించినారు. ఆ ద్వీపంలోని పొడి అడవులలో రాతి గుహలను ఆశ్రయించి జీవించే ఆ బల్లిని అచట అంతరించే ప్రమాదమున్న జాతిగా పరిగణించుచున్నారు. సముద్రం వేరు చేసినను ఈ రెండింటి జీవన విధానం ఒక్కటే. చల్లని, నీడ గల రాతిగోడ లేనిచో రెండింటికీ మనుగడ లేదు.

ఇందుకు ముఖ్య కారణం ఇవి గుడ్లు పెట్టు తీరు. పలు ఆడ బల్లులు ఒకే చోట చేరి, బండ ఉపరితలానికి గుడ్లను అతికించును. అతుకుకొనిన గుడ్లను పగులకుండా వేరుచేయుట సాధ్యం కాదు. అనువైన గోడను అవి మరల మరల ఉపయోగించుకొనును. కావున ఒక్క గుహలో సున్నం కొట్టినను, పొగ పెట్టినను, బండ పగులగొట్టినను నష్టపోవునది ఒక బల్లి కాదు. ఆ ప్రాంతంలో రానున్న తరమంతయు ఒకేసారి తుడిచిపెట్టుకొని పోవును.

ఈ విషయం నంద్యాల జిల్లాకు ప్రత్యేకించి గమనార్హం. తిరుమల ఆదిశేషుని పడగలుగా, అహోబిలం నడుముగా, శ్రీశైలం తోకగా మన పెద్దలు ఈ కొండల వరుసను ఒకే శరీరంగా భావించినారు. ఆళ్లగడ్డ సమీపంలోని అహోబిలంలో నవ నారసింహ ఆలయాలు నల్లమల అడవిలో కొండ గుహల నడుమ, సెలయేళ్ల చెంత వెలసినవి. గుహాలయాలు, భక్తులకు వసతులు, మెట్ల దారులు, దీపాల ఏర్పాట్లు అన్నియు రాతిగోడలతో ముడిపడినవే. గుహలను ఆశ్రయించిన ఏ జీవికైనను ఇవి కీలకమైన పనులు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో బంగారు బల్లికి స్థానం కల్పింపబడినది. నల్లమల పల్లెలలో అందరూ ఎరిగిన ఉడుము కూడ అదే షెడ్యూలులోనిది. 2022 సవరణ ప్రకారం మొదటి షెడ్యూలు జీవులను వేటాడిన వారికి 3 నుండి 7 సంవత్సరాల జైలు శిక్ష, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా విధింపబడును. అయితే తెలియక జరిగే నష్టాన్ని శిక్ష ఒక్కటే ఆపజాలదు. గుహలలో పనులు చేపట్టుటకు ముందు గోడలను అటవీ సిబ్బందితో పరిశీలింపజేయుట, గుడ్లు కనిపించిన భాగాన్ని వదలివేయుట, రాత్రి దీపాలను దారి మేరకే పరిమితం చేయుట ఖర్చు లేని జాగ్రత్తలు.

పాత్రికేయులు సైతం ఈ కృషిలో తోడ్పడవచ్చును. అరుదైన బల్లి కనిపించినదను వార్త ప్రచురించునపుడు గుహ పేరు, దారి గుర్తులు వెల్లడింపకుండుట మేలు. పేరులో బంగారం ఉన్నందున దానికి ధర కట్టే వదంతులకు తావీయరాదు. ఆ జీవి విలువ దాని మేని రంగులో లేదు. వేల ఏండ్లుగా చెదరక నిలిచిన కొండగోడలో ఉన్నది.