వంద గింజల సాక్ష్యం



నారుమడి పోయబోయే ముందు వంద గింజలు లెక్కపెట్టి, తడిగోనెలో చుట్టి మొలక చూడడం మీకు కొత్త కాదు. వరి విత్తనం నూటికి 80 అయినా మొలవాలని ప్రమాణమున్నది. మీ గోనెలో 72 మొలిచినవనుకోండి. అమ్మినాయన, “ఇది 80 సరుకేనండీ, నాలుగు గింజలు అటూ ఇటూ అవుతాయి” అంటాడు. పక్క పొలం ఆయన, “కాదు బావా, పాత గింజలు కలిపినాడు, ఇది 60 సరుకు” అంటాడు. నమ్మి పోస్తే నారు చాలదేమో. బస్తా తిప్పి పంపితే అదును తప్పుతుందేమో. ఎవరి మాట వినాలి?

ఇంగ్లండులో రోథామ్‌స్టెడ్ పరిశోధన క్షేత్రంలో 1919లో చేరిన ఫిషరు గారి కాలం నుంచి వ్యాపించిన పద్ధతి ఒకటున్నది. నిజంగా 80 సరుకైతే, 72 గాని అంతకు తక్కువ గాని మొలవడం ఎంత అరుదు అని అది అడుగుతుంది. లెక్కవేస్తే వందసార్లకు మూడు నాలుగు సార్లు. అయిదుకు తక్కువ గనుక “80 కాదు” అని కొట్టివేస్తారు. బాగానే వున్నది. కాని రెండో ఆయన మాటను ఎవరు విచారించారు? 60 సరుకులో 72 గాని అంతకు ఎక్కువ గాని మొలవడం వందసార్లకు ఒకసారి మాత్రమే! ఒక పక్షాన్నే నిలదీసి తీర్పు చెప్పే రచ్చబండను మీరు ఒప్పుకుంటారా?

రెండు పక్షాలనూ ఒకే సాక్ష్యంతో తూచేదే బేయ్స్ గుణకం. బేయ్స్ అనే ఇంగ్లీషు మతాచార్యుని వ్యాసం, ఆయన పోయిన తరువాత, 1763లో అచ్చయింది. దాని మీద ఈ గుణకాన్ని నిలబెట్టినవారు జెఫ్రీస్ గారు.

లెక్క ఇట్లా. ఒక గింజ మొలిచింది. 80 సరుకులో అట్లా జరిగే అవకాశం పదికి 8, 60 సరుకులో పదికి 6. 8ని 6తో భాగిస్తే ఒకటి మీద మూడోవంతు. ఒక గింజ మొలవలేదు. దానికి ఇక్కడ 2, అక్కడ 4, భాగిస్తే సగం. మొలిచిన ప్రతి గింజకూ మొదటి అంకెతో, మొలవని ప్రతి గింజకూ సగంతో హెచ్చవేసుకుంటూ పోవాలి. 72 మొలిచి 28 మొలవకపోతే వచ్చేది సుమారు 3.7. అనగా సాక్ష్యం 80 పక్షానికే 3.7 రెట్లు మొగ్గుతున్నది. పాత పద్ధతి కొట్టివేసిన పక్షమే ఇది, చూడండి!

పది గింజలు వేసి ఏడు మొలిస్తే? గుణకం 0.94 వస్తుంది. అంటే పది గింజలు ఏమీ చెప్పలేదన్నమాట. జెఫ్రీస్ గారు 1939 నాటి పుస్తకంలో మూడుకు లోపు గుణకాన్ని లెక్కలోకి తీసుకోలేదు. పది దాటితేనే గట్టి సాక్ష్యమన్నారు. మన 3.7 నడిమిది. మరో వంద గింజలు నానవేయండి. మళ్ళీ 72 వస్తే 3.7ను 3.7తో హెచ్చవేస్తే 13 దాటుతుంది.

“ఆ వ్యాపారి సంగతి మాకు ముందే తెలుసు గదండీ?” అంటారేమో. ఆ తెలిసినదాన్నీ హెచ్చవేయవచ్చును. ఏళ్ళ తరబడి మంచి విత్తనమిచ్చినవాడని ఒకటికి నాలుగుగా నమ్మితే, నాలుగు 3.7లు దాదాపు 15. సంతలో కొన్న బస్తా అయి, నమ్మకం నాలుగుకు ఒకటే అయితే, 3.7లో నాలుగోవంతు; ఇంచుమించు సరిసమానం. అందుకే సలహా చెప్పేవారు గుణకాన్ని విడిగా చెప్పాలి, నమ్మకం రైతుది.

గట్టి గింజలు ఏరి గోనెలో వేస్తే ఈ లెక్కంతా వృథా. బస్తా పైన, నడుమ, అడుగున తీసి కలిపి లెక్కపెట్టాలి. ఇంకొక మాట. గుణకం 80, 60లలో ఏది మెరుగో చెప్పుతుందే గాని, సరుకు అసలు 72దే కావచ్చుననే సంగతి చెప్పదు. ఆ అనుమానముంటే 80కి ఎదురుగా 72నే నిలబెట్టి మళ్ళీ తూచండి. రెండో వందలోనూ 72 దగ్గరే తేలితే బస్తా తిప్పి పంపేముందు, తగ్గిన మొలకకు సరిపడా విత్తనం కొంచెం పెంచి పోస్తే ఎంత ఖర్చవుతుందో చూసుకోండి.