ఎకరం పొలానికి ఎన్ని చుక్కలు?

ఒక ఎకరం పొలం గట్టు మీద నిలబడి చూడండి. నాలుగు గట్లు, ఒక మూల బోరు, మరో మూల వేపచెట్టు అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. అదే పొలాన్ని 900 కిలోమీటర్ల ఎత్తు నుంచి చూస్తే?

మన ఐ.ఆర్.ఎస్. వరుసలో మొదటి ఉపగ్రహమైన ఐ.ఆర్.ఎస్.-1ఎ, 1988 మార్చి 17న దాదాపు అంత ఎత్తున కక్ష్యలోకి చేరింది. ఉపగ్రహ చిత్రం అంటే చదరపు చుక్కల వరుసలు. ఈ చుక్కనే పిక్సెల్ అంటారు. ఐ.ఆర్.ఎస్.-1ఎ మొదటి రకం కెమెరా తీసిన చిత్రంలో ఒక్కొక్క చుక్క నేల మీద 72.5 మీటర్ల పొడవు, అంతే వెడల్పు గల చతురస్రానికి గుర్తు. గుణించి చూడండి, 5,256 చదరపు మీటర్లు వస్తుంది. మరి ఎకరమంటే 4,047 చదరపు మీటర్లే! పొలమంతా ఒక్క చుక్కలో ఇమిడిపోయి, ఇంకా చోటు మిగులుతుందన్న మాట.

ఇది ఒట్టి లెక్క కాదు. వరద వచ్చినప్పుడు ఆ ఎకరం మునిగిందా, లేదా అని అడిగితే ఆ చిత్రం జవాబు చెప్పలేదు. వంద ఎకరాల కమతం అందులో కనిపిస్తుంది. చిన్న రైతు ఎకరం కనిపించదు. దగ్గర దగ్గరగా ఉన్న రెండు వస్తువులను విడదీసి చూపగల శక్తిని పృథక్కరణ సామర్థ్యం, లేదా రిజల్యూషన్ అంటారు. దాన్ని పెంచడం ఎలా?

చిత్రాన్ని పెద్దది చేస్తే చాలదా అని మీరు అడగవచ్చు. వార్తాపత్రికలోని బొమ్మను భూతద్దంతో చూడండి. చుక్కలు పెద్దవవుతాయే గాని, బొమ్మలో లేని కొత్త సంగతి ఒక్కటీ కనబడదు.

పెద్ద కన్ను

కాంతి తరంగం కనుక, దర్పణం అంచుల దగ్గర వివర్తనం చెంది కొద్దిగా పరుచుకుంటుంది. దర్పణం ఎంత వెడల్పుగా ఉంటే ఈ మసక అంత తగ్గుతుంది. 500 కిలోమీటర్ల ఎత్తు నుంచి 30 సెంటీమీటర్ల ఎడంలో ఉన్న వాటిని విడదీయాలంటే మీటరుకు పైగా వ్యాసం గల దర్పణం కావాలి.

1995 డిసెంబరులో ప్రయోగించిన ఐ.ఆర్.ఎస్.-1సి రిజల్యూషన్ 5.8 మీటర్లు. అంటే మన ఎకరానికి 120 చుక్కలు! 2019 నవంబరు 27న శ్రీహరికోట నుంచి వెళ్ళిన కార్టోశాట్-3కి ఒక్కో చుక్క 30 సెంటీమీటర్ల లోపే. ఇప్పుడు ఎకరానికి 40 వేలకు పైగా చుక్కలు. కాని ఒక చిక్కుంది. ఐ.ఆర్.ఎస్.-1ఎ మొదటి కెమెరా 148 కిలోమీటర్ల వెడల్పున నేలను చూసేది. కార్టోశాట్-3 ఒకసారికి చూసేది సుమారు 16 కిలోమీటర్లే. నిశితంగా చూసే కన్ను విశాలంగా చూడలేదు.

సందు చుక్కల ముగ్గు

దర్పణం పెంచకుండానే రిజల్యూషన్ పెంచే ఉపాయం ఒకటి ఫ్రాన్సు ఉపగ్రహం స్పాట్-5లో అమర్చారు. అది 2002 మే నెలలో కక్ష్య చేరింది. మన ఇళ్ళలో ముగ్గు వేసేవారు ఒక వరుస చుక్కలు పెట్టి, తరువాతి వరుసను సందుల్లో పెడతారు కదా! స్పాట్-5 కూడా ఒకే నేలను రెండు వరుసల గ్రాహకాలతో చిత్రించింది. ఒక్కొక్కదాని రిజల్యూషన్ 5 మీటర్లు. అయితే రెండవ చిత్రం మొదటిదానికి సరిగ్గా అర చుక్క పక్కకూ, అర చుక్క కిందికీ జరిగి ఉంటుంది. రెండింటినీ కంప్యూటరులో కలిపి 2.5 మీటర్ల చిత్రాన్ని తయారుచేశారు. సందుల్లో నిజంగా మళ్ళీ కొలిచారు కనుక, ఇందులో కనబడిన కొత్త వివరం నిజమైనదే.

ఇంకొక పద్ధతి ఉంది. రంగుల చిత్రంలో కాంతిని భాగాలుగా పంచుకోవాలి. అందుచేత ఒక్కో రంగుకు దక్కే కాంతి తక్కువ. తగినంత కాంతి పట్టడానికి చుక్కలను పెద్దవి చేస్తారు. నలుపు తెలుపు చిత్రంలో చుక్కలు చిన్నవి. గీతలను నలుపు తెలుపు చిత్రం నుంచి, రంగులను రంగుల చిత్రం నుంచి తీసుకొని కలిపితే నిశితమైన రంగుల చిత్రం వస్తుంది.

ఊహించే కంప్యూటరు

ఈనాడు మసక చిత్రాలను, స్పష్టమైన చిత్రాలను జంటలుగా వేలకు వేలు చూపించి కంప్యూటరుకు నేర్పుతున్నారు. తరువాత మసక చిత్రం ఒక్కటే ఇస్తే అది స్పష్టమైన చిత్రాన్ని గీసి ఇస్తుంది. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కాని ఆ వివరాలు కొలిచినవి కావు, ఊహించినవి. పొలాల మధ్య గట్లు ఉంటాయని నేర్చుకున్న కంప్యూటరు, వరదకు కొట్టుకుపోయిన గట్టును కూడా గీసి చూపవచ్చు! నష్టాన్ని లెక్కగట్టే అధికారి ఆ బొమ్మనే నమ్మితే ఆ రైతు గతి ఏమిటి? ఉన్నదాన్ని చూపడం వేరు, ఉండవచ్చుననుకొని గీయడం వేరు. అందుకే ఇలాంటి చిత్రాన్ని నేల మీది పరిశీలనతో సరిచూడాలి.

మీరే చేసి చూడండి

తెల్ల కాగితం మీద వంకర అంచుల చెరువు బొమ్మ గీయండి. పలుచని కాగితం మీద 2 సెంటీమీటర్ల గళ్ళు గీసి బొమ్మపై పరచండి. సగానికి మించి నీరున్న గళ్ళకే రంగు వేయండి. ఇంకో పలుచని కాగితం మీద అవే గళ్ళు గీసి, అర గడి కుడికీ, అర గడి కిందికీ జరిపి మళ్ళీ అలాగే చేయండి. రెండు కాగితాలనూ అదే స్థానాల్లో ఒకదానిపై ఒకటి పెట్టి వెలుతురుకు ఎత్తి చూడండి. చెరువు గట్టు ఏ కాగితంలో బాగా తెలిసింది? విడిగానా, రెండూ కలిసినప్పుడా?