మీకు తెలుసా? సీడెడ్‌కు సక్సెస్ ఏమవుతుంది?

పెద్ద హీరో సినిమా విడుదలైన మర్నాడు ప్రొద్దుటూరులో ఏ టీకొట్టు దగ్గర నిలబడినా వినిపించే ప్రశ్న ఒకటే: ‘‘సీడెడ్‌లో ఎంతొచ్చింది?’’ జమ్మలమడుగులోనూ అంతే, పులివెందులలోనూ అంతే. నైజాం ఇంత, సీడెడ్ ఇంత అని బడిపిల్లలు కూడా నోటిలెక్కగా చెప్పేస్తారు. సీడెడ్ అంటే ఏమిటని అడిగితే ‘‘మన రాయలసీమే!’’ అంటారు. మరి ఆ పేరెందుకు వచ్చింది? విత్తనాల సీడ్ అనుకునేవాళ్లూ ఉన్నారు. పత్తి, శనగ పండే నేల కాబట్టి అలా అనిపించడం సహజమే. కానీ విత్తనానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. పలకడానికి ఒకేలా ఉంటాయి, అంతే.

ఇంగ్లీషులో ఈ రెండో ‘సీడ్’కు తన అధికారం వదులుకుని మరొకరికి అప్పగించడం అని అర్థం. సీడెడ్ అంటే అప్పగించేసినది. అప్పగించింది హైదరాబాదు నిజాం అలీ ఖాన్, పుచ్చుకున్నది ఈస్టిండియా కంపెనీ. తేదీ 1800 అక్టోబరు 12. తన రాజ్యంలో ఉంచుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద నిజాం ఈ నేలను ఇచ్చేశాడు. ఇచ్చినదైనా తాతతండ్రుల ఆస్తి కాదు. 1792, 1799 యుద్ధాల తర్వాత టిప్పు సుల్తాన్ రాజ్యంలోంచి తన వాటాగా దక్కిన భాగం. జమ్మలమడుగు పక్కనున్న గండికోట 1792లోనే అలా నిజాం చేతికి వచ్చింది. అంతకు ముందు, 1779లో, కడప నవాబును ఓడించి హైదర్ అలీ ఈ సీమను పట్టుకున్నాడు. 1770లో పుట్టిన రైతు ఒకడు గండికోట నీడలో సేద్యం చేసుకుంటూ ఉన్నాడనుకోండి. ముప్పై ఏళ్లు నిండేసరికి నవాబు, మైసూరు, నిజాం, కంపెనీ అని నాలుగు ఏలుబడులు చూసి ఉంటాడు. ఏలుబడి మారిన ఆ మూడుసార్లలో ఒక్కసారైనా అతన్ని అడిగినవాడు లేడు.

కంపెనీ కాగితాల్లో ఈ ప్రాంతం ‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్’ అయింది. దానికి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఇక్కడే ఉండి, 80 మంది దాకా ఉన్న పాలెగాళ్లను అణచి, రైతువారీ పద్ధతికి పునాది వేశాడు. 1808లో ఈ ప్రాంతాన్ని బళ్లారి, కడప అని రెండు జిల్లాలు చేశారు.

ఇక మాట పుట్టుక. లాటిన్‌లో ‘కేదెరె’ అంటే నడవడం, వెళ్లడం, తప్పుకోవడం. దారిచ్చి తప్పుకోవడం నుంచి హక్కు వదులుకోవడం అనే అర్థం వచ్చింది. మనం రోజూ వాడే మాటలెన్నో ఈ ఇంటివే. ముందుకు నడిస్తే ప్రాసెస్, ప్రొసీజర్. వెనక్కి నడిస్తే రెసెషన్. పక్కకు తగ్గి ఇచ్చేది కన్సెషన్, పిల్లల బస్సు పాసులో ఉన్నది అదే. వెనకాలే వచ్చేది సక్సెస్! మొదట్లో దానికి ‘తర్వాత వచ్చే ఫలితం’ అనే అర్థం. ఫలితం మంచిదైనా చెడ్డదైనా సక్సెస్సే. గెలుపు ఒక్కటే అనే అర్థం తర్వాత స్థిరపడింది. కాబట్టి ‘సీడెడ్‌లో సక్సెస్’ అని పోస్టరు వేస్తే అందులో రెండు మాటలూ ఒక తల్లి బిడ్డలే. పెట్రోలు మీద కట్టే ‘సెస్’ మాత్రం ఈ ఇంటిది కాదు, అది పన్ను మదింపు చేసే ‘అసెస్’ నుంచి వచ్చింది.

సీడెడ్ డిస్ట్రిక్ట్స్‌ను మనవాళ్లు ‘దత్త మండలాలు’ అన్నారు. దత్తం అంటే ఇచ్చినది. దత్తపుత్రుడిలో ఉన్నదీ ఆ దత్తమే. అనంతపురంలో 1916లో వెలసిన ప్రభుత్వ కళాశాలకూ మొదట దత్తమండల కళాశాల అనే పేరు. అక్కడ పాఠాలు చెప్పిన భాషా శాస్త్రవేత్త చిలుకూరి నారాయణరావుకు ఈ మాట బరువు బాగా తెలుసు. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభల్లో, దత్త మండలాలు అనడం మాని ‘రాయలసీమ’ అందామని ప్రతిపాదించింది ఆయనే. విజయనగర రాయలు ఏలిన సీమ కాబట్టి రాయలసీమ. ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అనే పేరు పోయి, తన చరిత్ర తాను చెప్పుకునే పేరు వచ్చింది. నా దృష్టిలో ఈ సీమకు జరిగిన గొప్ప మేళ్లలో అదొకటి.

సినిమా వ్యాపారం మాత్రం పాత పేరునే పట్టుకుంది. అదైనా సరిగ్గా అతకదు. తిరుపతి, చిత్తూరు హాళ్ల వసూళ్లనూ సీడెడ్‌లోనే కలుపుతారు. కానీ నిజాం వాటిని ఎన్నడూ ఇవ్వలేదు, ఎందుకంటే అవి ఆయనవి కావు. 1801లో ఆర్కాటు నవాబు నుంచి కంపెనీకి పోయిన ఊళ్లవి. మదనపల్లె, వాయల్పాడు మాత్రం నిజంగా ఇచ్చిన సీమలోవే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా అవి మన కడప జిల్లాలోనే ఉండేవి.

వసూళ్ల పట్టికలో ఇచ్చినవాడి పేరు నైజాంగా, ఇచ్చిన నేల సీడెడ్‌గా నేటికీ పక్కపక్కనే ఉన్నాయి. ఈసారి ఆ పట్టిక కనబడినప్పుడు ఇంట్లో పిల్లలకు 1800 సంగతి, 1928 సంగతి రెండూ చెప్పండి. పట్టికలు రాసేవారికి ఒక మనవి: సీడెడ్ అన్నచోట రాయలసీమ అని రాయండి. లెక్కలో ఒక్క రూపాయి తేడా రాదు.